లీటరుకు తొమ్మిది

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, వానాకాలం మొదట్లో, భద్రాచలంలోని ఒక ప్రభుత్వ కార్యాలయానికి నన్ను వాహనాల విభాగం ఇంజనీరుగా వేశారు. చేరిన వారంలోనే ఒక విచారణ అప్పగించారు. లీటరుకు పద్నాలుగు కిలోమీటర్లు ఇవ్వాల్సిన పెద్దసారు కారు తొమ్మిదే ఇస్తోంది. మిగతా డీజిలు డ్రైవరు యాకూబ్ అమ్ముకుంటున్నాడని సారుకు గట్టి నమ్మకం. యాకూబ్‌ది కాంట్రాక్టు ఉద్యోగం. ఇంటికి పంపడానికి నా రిపోర్టులో ఒక్క వాక్యం చాలు.

"చుక్క గూడ ముట్టలే సార్" అన్నాడతను.

మా వృత్తిలో పద్ధతి ఒకటే. ట్యాంకు మూతిదాకా నింపి, కొలిచిన దూరం నడిపి, మళ్లీ మూతిదాకా నింపితే ఎంత పట్టిందో అంత ఖర్చయినట్టు. పాల్వంచ దాకా పోయి వచ్చాం. పక్కన ఇంజనీరున్నాడు కదా, యాకూబ్ కొత్త పెళ్లికూతుర్ని తీసుకెళ్తున్నట్టు నడిపాడు. సరిగ్గా పద్నాలుగు వచ్చింది. బండిలో లోపం లేదని సంతోషంగా సారుకు చెప్పాను.

"అయితే దొంగ దొరికినట్టే" అన్నారాయన.

చేజేతులా అతని ఉద్యోగానికి ఎసరు పెట్టానని అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. బయటికొచ్చి యాకూబ్‌ను అడిగితే, "సారుంటే గిట్ల నడవనిస్తడా? జల్దీ జల్దీ అంటడు. ఆయనకెట్ల జెప్త సార్?" అన్నాడు.

మళ్లీ లోపలికెళ్లి, మీరు ఎక్కకపోతే పరీక్ష నిబంధనల ప్రకారం చెల్లదని సారుతో అన్నాను. అలాంటి నిబంధన ఏదీ లేదు. సారు వెనక సీట్లో కూర్చుని, దారి పొడుగునా తొందరపెడుతూనే ఉన్నారు. అడవి దారిలో నూటపదికి లాగించడం, ఊరు రాగానే స్పీడ్‌బ్రేకర్ ముందు గట్టిగా బ్రేకు, మళ్లీ లాగించడం. వేగం రెట్టింపైతే గాలి నాలుగింతల బలంతో అడ్డుపడుతుంది. బండిలో చేరే గతిశక్తి కూడా నాలుగింతలే. బ్రేకు తొక్కిన ప్రతిసారీ అది వేడిగా మారి చక్రాల దగ్గరే పోతుంది. హైస్కూలు పాఠమే, మొదటిరోజు నాకే తట్టలేదు. తిరిగొచ్చాక బంకులో సారు స్వయంగా మీటరు చూశారు. తొమ్మిదికి కొంచెం తక్కువే వచ్చింది.

విచారణ మూసేశారు, యాకూబ్ ఉద్యోగం నిలిచింది. మర్నాడే అతనికి మెమో వచ్చింది: అధికారి ప్రయాణంలో ఇంధనం వృథా అవుతున్న సంగతి సకాలంలో అధికారి దృష్టికి తేనందుకు హెచ్చరిక. దాన్ని టైపు చేయించి ఇచ్చింది నేనే.

బండి ఎంత తాగుతుందో తేల్చాలంటే, రోజూ ఎక్కే మనిషిని ఎక్కించే కొలవాలి. రిటైరయ్యేదాకా నేను అలాగే కొలిచాను. నా కొలతలను ఏ అధికారీ ఇష్టపడలేదు.