బావ బిగించిన వించ్

మా బావ పోయాడన్న కబురు నాకు హరూర్ బస్టాండులో తెలిసింది. చెప్పింది బస్సు కండక్టరు. "మీ అక్క మొగుడు, మెకానిక్కు మేస్త్రీ, తెల్లారి పోయినాడంట. నీకింకా తెలీదా?" అని టికెట్లు చించుతూనే అడిగాడు. నేను ధర్మపురి చేరేసరికి మధ్యాహ్నమైంది. వాకిట్లో బెంచీ మీద చింతపండు మండీ యజమాని కూర్చుని ఉన్నాడు. ఆయన్ని మేమంతా ముదలాళి అంటాం. అప్పటికి పదేళ్ళుగా ఆయన జీపు తోలుతున్నది నేనే. చేతిలో గులాబీ దండ పట్టుకుని పక్కవాడితో అంటున్నాడు: "మంచి పనోడప్పా. ఆ వించ్ తప్పు ఒకటి చెయ్యకుండా ఉంటే ఇంతకు ఎంతో పెద్ద షెడ్డు పెట్టుండేవాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ తప్పు మా బావది కాదు, నాది. ఏడేళ్ళుగా ఆ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే, బావ పోయేసరికి నేనొక్కణ్ణే మిగిలాను. అయినా ఆ రోజు, శవం ముందు, నా నోరు పెగల్లేదు. ముదలాళి దండ వేస్తుంటే పక్కన నిలబడి దారం సర్దాను కూడా. ఇంతకంటే సిగ్గుమాలిన పని నేను చేయగలనని అనుకోను. ఇక్కడి మన తెలుగువాళ్ళ పత్రికకు బావ గురించి నాలుగు మంచి మాటలు రాసివ్వమన్నారు. మంచి మాటలు ఎక్కడికీ పోవు. ముందు జరిగింది వినండి.

డెబ్బైలు మొదలవుతున్న రోజులవి. హరూర్ అవతలి కొండ ఊళ్ళనుంచి చింతపండు దించాలంటే వానకాలంలో జీపు బురదలో కూరుకుపోయేది. ముదలాళి మిలిటరీ వేలంలో ఒక పాత వించ్ కొని తెచ్చాడు. జీపు ముందర బిగించే ఇనుప డ్రమ్ము అది, చుట్టూ ఉక్కు తాడు. తాడు కొస ఒక చెట్టుకు కట్టి, ఇంజను బలంతో డ్రమ్మును తిప్పితే, జీపు తనను తానే పైకి లాక్కుంటుంది. మా ఊళ్ళో అప్పటిదాకా అలాంటిది చూసినవాడు లేడు. ముదలాళికి తొందర. "బంపర్‌కు నాలుగు బోల్టులేసి బిగించి ఇచ్చేయ్ మేస్త్రీ, సాయంత్రానికి కావాల" అన్నాడు.

బావ బంపర్‌ను చెప్పుకాలితో తట్టాడు. "ఇది మేకల్ని అదిలించేదానికి పనికొస్తాది ముదలాళీ. బండిని లాగేది కిందుండే ఇనుప చట్రం, చాసిస్. దానికి చెప్పకుండా వించ్ పెడితే, జీపు కిందే ఉంటాది, బంపర్ ఒకటే కొండెక్కతాది" అన్నాడు. ముదలాళి మొహం మాడ్చుకున్నాడు. బావకు మనుషుల మొహాలు పట్టవు, ఇనుము మొహమే చూస్తాడు. ఆ గుణమే ఆయన్ని పైకి తెచ్చింది, ఆ గుణమే ముంచింది.

సాయంత్రానికి కావలసిన పని పన్నెండు రోజులు పట్టింది. బంపర్ పీకేసి, చాసిస్ కొమ్ములు రెండింటికీ లావుపాటి ఇనుప చానల్ అడ్డంగా వేశాడు. దాని మీద వించ్ కూర్చోబెట్టి, మూడుసార్లు విప్పాడు. మొదటిసారి రేడియేటర్‌కు గాలి అడ్డమవుతోందని. రెండోసారి తాడు డ్రమ్ము మీద ఒక పక్కకే పోగవుతోందని. మూడోసారి ఏ తప్పూ నాకు కనిపించలేదు, అడిగితే "నిద్ర పట్టలేదురా" అన్నాడు. ముందు బరువు పెరిగి జీపు ముక్కు వాలిందని స్ప్రింగులకు ఒక్కో పట్టీ చేర్చాడు. మొదటిసారి బండిని లాగించిన వెంటనే, ఇంజను వేడి తగ్గకముందే, కిందికి దూరి బోల్టులన్నీ మళ్ళీ బిగించాడు. "బోల్టుకు బరువు రుచి చూపించినాకనే దాని బుద్ధి తెలస్తాది" అనేవాడు.

నాకు తోలడం నేర్పింది ఆయనే, వించ్ వాడడం నేర్పిందీ ఆయనే. డ్రమ్మును ఇంజనుతో కలిపే చోట పళ్ళున్న క్లచ్ ఒకటి ఉంటుంది. చేతిమీట జరిపితే ఈ పళ్ళు ఆ పళ్ళలో కూర్చోవాలి. "చూసి నమ్మొద్దు, విని నమ్ము. టక్ మనాల. టక్ మనకపోతే కాలు పెడల్ మీద పెట్టొద్దు" అని పదిసార్లు చెప్పాడు. లాగేముందు తడిపిన గోనెసంచి తాడు మీద వేసేవాడు. తాడు తెగితే అది కొరడాలా మనుషుల మీదికి లేవకుండా ఆ బరువు కిందికి తొక్కుతుందట. చెట్టుకు కట్టేటప్పుడు బెరడు కోసుకుపోకుండా ఇంకో గోనెపట్టా చుట్టేవాడు. చెట్టు మీద అంత దయ ఉన్న మనిషి తన మీద తాను కొంచెమైనా పెట్టుకోకపోయాడే అని నాకిప్పటికీ కోపం.

ఆ ఏడు ఆయుధపూజ వచ్చింది. జీపు కడిగాను, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. ఊళ్ళో వించ్ ఉన్న జీపు నాదే కాబట్టి నా గర్వం అంతా ఇంతా కాదు. గంధం ముద్దగా కలిపి వించ్ నిండా పూశాను, మీటకు, క్లచ్‌కు కూడా. అరటినారతో కట్టిన చామంతి దండను మీట చుట్టూ మూడు చుట్లు తిప్పి ముడివేశాను. బావ వచ్చి చూసి, "బొట్టు మొహానికి పెట్టుకోరా, పళ్ళకెందుకు? రేపు అంతా కడిగి తియ్యి" అన్నాడు. తీస్తానన్నాను. మర్నాడు పొద్దున పువ్వులు వాడిపోయుంటే దండను పట్టుకుని ఒక్క గుంజు గుంజి పారేశాను. కడగలేదు. దేవుడి గంధం, ఉండనీలే అనుకున్నాను.

ఆ రోజే కొండదారిలో జీపు దిగబడింది. వెనక చింతపండు మూటలు, మూటల మీద ముదలాళి తమ్ముడు. తాడు కట్టాను, గోనె వేశాను, మీట జరిపాను. టక్ మనలేదు. మెత్తగా ఆగింది. వాన పడుతోంది, వెనకనుంచి "కానీ, కానీ" అని అరుపులు. పెడల్ తొక్కాను. సగం ఎత్తు ఎక్కాక క్లచ్ జారింది. డ్రమ్ము వెనక్కి గిర్రున తిరిగి, జీపు వెనక్కి దొర్లి పక్కకు పడింది. ముదలాళి తమ్ముడి కాలు మూటల కింద నలిగింది. ఈ రోజుకీ ఆయన కర్ర లేకుండా నడవలేడు.

మర్నాడు ముదలాళి బావ షెడ్డుకు వచ్చి అందరిముందూ ఆయన మీద విరుచుకుపడ్డాడు. బావ ముదలాళిని పట్టించుకోలేదు. నన్నొక్క మాటే అడిగాడు. "టక్ మనిందా?"

"మనింది" అన్నాను.

బావ ముదలాళి వైపు తిరిగి, "అట్లయితే నా పనే ముదలాళీ" అన్నాడు. అంతే. నా మాట అంత తేలిగ్గా నమ్మాడు.

రెండు రోజుల తర్వాత వించ్ విప్పుతుంటే నేను పక్కనే ఉన్నాను. క్లచ్ పళ్ళ మధ్య, నేను దండ గుంజినప్పుడు తెగిపడ్డ అరటినార ముడి, దాని మీద రాయిలా బిగుసుకున్న గంధం. బావ స్క్రూడ్రైవరుతో దాన్ని పెకలించి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. నేను ఏడుపు మొహం పెట్టాను. "చెప్పేస్తాను బావా" అన్నాను. "చెప్పి ఏం చేస్తావు? పని పోతాది. ఇద్దరు ఆడబిడ్డలుండారు నీకు. నాకు చేతులుండాయి, ఏదో ఒకటి చేసుకుంటాను" అన్నాడు. నేను ఒప్పుకున్నాను. ఆయన అలా అంటాడని నాకు ముందే తెలుసు కాబట్టే చెప్పేస్తానన్నానేమో కూడా.

ఏదో ఒకటి చేసుకున్నాడు, నిజమే. జీపు వాళ్ళు రాలేదు, లారీల వాళ్ళు రాలేదు. కంబైనల్లూరునుంచి హరూర్ దాకా ప్రతి షెడ్డులోనూ "కాలు విరగ్గొట్టిన మేస్త్రీ" అనే అన్నారు. నీళ్ళ మోటార్లు, ఎద్దుబండి ఇరుసులు, చివరికి తలుపు బందులు బాగుచేస్తూ ఏడేళ్ళు గడిపాడు. నేను మాత్రం ముదలాళి కొత్త జీపు తోలుతూ బావ షెడ్డు ముందునుంచి హారన్ కొట్టుకుంటూ పోయేవాణ్ణి. బావ చెయ్యెత్తేవాడు. ఒక్కసారైనా నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆ మంచితనం నన్ను కాపాడలేదు, కుళ్ళబెట్టింది. పోయినవాడి మీద ఇలా రాయకూడదంటారు. రాస్తాను.

మాలో, మొగుడు పోయిన ఆడదానికి పదో రోజు తోడబుట్టినవాడు పుట్టింటి చీర పెట్టాలి. చీర తీసుకుని అక్క ముందు కూర్చున్నాను. చేతులు చాపబోయింది. అప్పుడు చెప్పాను, నార ముడి దగ్గరనుంచి అంతా. చుట్టాలంతా విన్నారు. అక్క చాపిన చేతులు వెనక్కి తీసుకుంది.

"ఆయన్ని కాదన్న షెడ్లు ఎన్నుండాయో అన్నీ తిరుగు. నాకు చెప్పినట్టే వాళ్ళకూ చెప్పు. అదంతా అయినాక ఈ చీర ఎత్తుకొని రా."

"పదో రోజు దాటితే చెల్లదమ్మా" అంది ఒక పెద్దామె.

"దాటనీ" అంది అక్క.

మొదట మండీకి పోయాను. కాటా దగ్గర కూలీలందరి ముందూ చెప్పాను. ముదలాళి, "పోయినోడు ఎట్లాగూ పోయినాడు, ఇప్పుడెందుకప్పా ఇదంతా?" అన్నాడు. తమ్ముడి కాలు విరిగినప్పుడు షెడ్డు పైకప్పు లేచిపోయేలా అరిచిన మనిషి, నిజం వినడానికి ఇప్పుడు తీరిక లేదట! "మీ తమ్ముడికి మీరు చెప్తారా, నేను చెప్పాలా?" అని అడిగాను. ఆయన లెక్కల పుస్తకం తెరిచాడు. జీపు తాళాలు కాటా మీద పెట్టి, ఆ తమ్ముడి ఇంటికి నేనే పోయి చెప్పాను. ఆయన తన కర్రకేసి చూసుకున్నాడు.

కంబైనల్లూరులో రెండు షెడ్లు, పెరియంపట్టిలో ఒకటి అయిపోయాయి. ఇక్కడ తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామందే గాని చదివేవాళ్ళు తక్కువ. అందుకని రాసి ఊరుకుంటే సరిపోదు, నోటితోనే చెప్పాలి, ఎక్కువచోట్ల తమిళంలో. ఒకడు పని ఆపకుండానే విన్నాడు. ఒకడు ఉమ్మేశాడు. పెరియంపట్టి ముసలి మేస్త్రీ మాత్రం చేతులు కడుక్కుని వచ్చి, మళ్ళీ మొదటినుంచి చెప్పమన్నాడు.

నిన్న మిగిలిన షెడ్లకని హరూర్ బస్సెక్కి, చీర పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్క సీటులో కూరగాయల గంపతో ఉన్న ఒకావిడ, ఎవరికని అడిగింది. మా అక్కకన్నాను. "తమ్ముడంటే ఇట్లుండాల" అంది. కాదమ్మా అని ఆమెకూ మొదలుపెట్టాను. హరూర్ వచ్చేదాకా ఆమె వింటూనే ఉంది. దిగేముందు నా ఒళ్ళోంచి పొట్లం తీసుకుని, కాగితం మీద పడ్డ దుమ్మును కొంగుతో తుడిచి, రెండు చేతులతో మళ్ళీ నా ఒళ్ళో పెట్టింది.