సాయంత్రం దాకా ఆగిన కవరు

మొన్న నరసరావుపేటలో మా ఇంటికొచ్చిన తమ్ముడి కూతురు, కాఫీ తాగుతూనే, మర్నాడు జరగబోయే సభ వార్తను జరిగిపోయినట్టే రాసి, పొరపాటున ఆ రోజే విలేకరుల గ్రూపులో పెట్టేసి, నాలిక్కరుచుకుని, మరుక్షణం చెరిపేసింది. హైదరాబాదులో ఏదో ప్రచార సంస్థలో దాని ఉద్యోగం. "పోయింది పెదనాన్నా, ఎవురూ చూళ్లా" అని నవ్వింది గానీ, నేను మాత్రం కప్పు కింద పెట్టేశాను.

నేను మాచర్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ పౌర సంబంధాల విభాగంలో చేరిన కొత్తల్లో, విభాగమంటే మా ఆఫీసరు గారు, నేను, ఒక టైపు మిషను. కార్యక్రమం పదకొండింటికైతే దాని వార్త ముందురోజే టైపు కొట్టి, పొద్దున ఎనిమిదింటి బస్సు కండక్టరు చేతికి కవరు ఇచ్చేవాళ్ళం, అయ్యాక రాస్తే నరసరావుపేట విలేకరికి అందేసరికి పొద్దుపోతుందని. ఎవరేం మాట్లాడారో, జనం ఎంత సంతోషించారో అన్నీ మేమే నిర్ణయించేవాళ్ళం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుండేది మా వ్యవహారం. అప్పట్లో నాకది గొప్ప పనితనంగానే కనిపించేది.

ఆ రోజు క్వారీ కార్మికుల కాలనీలో మంచినీళ్ల కుళాయిల ప్రారంభం. కార్మికుల తరఫున మాట్లాడటానికి ఒప్పుకున్న మేస్త్రీ, యాజమాన్యానికి చేతులెత్తి కృతజ్ఞతలు తెలిపాడని నేనే రాశాను. బస్సు వెళ్లిన గంటకు క్వారీలో రాతిచరియ విరిగిపడి ఆ మేస్త్రీయే చనిపోయాడు.

కబురు వినగానే ముందు నాకు మనిషి గుర్తు రాలేదు, కవరు గుర్తొచ్చింది. శవం ఇంట్లో ఉండగానే, అతను మాకు దండం పెట్టాడని పేపర్లో వస్తే అతని భార్యకు ఎవరో ఒకరు చదివి వినిపించక మానరు, ఆమె మొహం నేనెలా చూడను? ఫోను కలవలేదు. ఆఫీసు జీపులో బస్సు వెంట పడ్డాం. రెంటచింతల దాటాక ఎండకు ఇంజను మరిగి ఆగిపోతే, అది చల్లారేదాకా రోడ్డు పక్కన నిలబడి నేను ఏడ్చిన మాట ఇన్నేళ్లకు ఇప్పుడే ఒప్పుకుంటున్నాను. ఇది చదివే నా ఈడు వాళ్ళ దగ్గర దాచుకునేదేముంది.

విలేకరి గారు పెద్దాయన. మేం వెళ్లేసరికి భోంచేసి పడక్కుర్చీలో ఉన్నారు. వార్త గుంటూరు పత్రికాఫీసుకు పంపేశారేమోనని నా పై ప్రాణాలు పైనే పోయాయి. నేను నోరు తెరిచేలోపే ఆయన సొరుగు లాగి, చింపని కవరు బల్ల మీద పెట్టారు.

"మీరు జరక్కముందే రాస్తారని నాకు తెలీదంటయ్యా? అందుకే మీ కవరు సాయంత్రం దాకా చింపను. ఏదన్నా అయితే ఎవురో ఒకరు పరిగెత్తుకొస్తారుగా."

ఏమైందో చెప్పాను. ఆయన తెల్లకాగితం తీసుకుని, "ఆయన పేరేంది?" అని అడిగారు. కవరు దొరికిన సంబరంలో ఆ పేరు నాకు నోటికి రాలేదు. నా చేత్తో టైపు కొట్టిన పేరు, కవరు చింపి చూసి చెప్పాను.

ఉద్యోగం చేసినన్నాళ్లూ మళ్ళీ జరగనిదాన్ని జరిగిందని రాయలేదు, అందుకు చీవాట్లూ తిన్నాను. ఇప్పుడు బస్సుల వెంట పడే పనిలేదు, చెరపడానికి ఒక వేలు చాలు. ఇదంతా చెబితే, మా తమ్ముడి కూతురు "అప్పుడట్టా ఉండేదా" అని మళ్ళీ ఫోను చూసుకుంది. మన మాట నమ్మకుండా సాయంత్రం దాకా సొరుగులో పెట్టే మనిషి ఆ గ్రూపులో ఒక్కరైనా ఉన్నారా అని అడగబోయి, ఏం చెబుతుందోనన్న భయంతో ఊరుకున్నాను.