విజయయాత్రలో కింది వరుస

1962 ఫిబ్రవరిలో బోధన్ తాలూకాలోని ఒక గడీకి, అంటే ఊరి దొర కోటలాంటి ఇంటికి, నన్ను పంపారు. అప్పుడు నేను పురావస్తు శాఖలో నకలు చిత్రకారిణిని. పాత గోడల మీది బొమ్మలను పలచని కాగితం మీదికి ఉన్నది ఉన్నట్టు దించడం మా పని. గీత వంకరగా ఉంటే వంకరగానే గీయాలి. ముక్కు ఊడిపోయి ఉంటే ఊడినట్టే వదలాలి. మా ఇష్టానికి ఏదీ చేర్చకూడదు, ఏదీ తీసేయకూడదు.

దొర కుటుంబం హైదరాబాదుకు వెళ్లిపోయింది, గడీని బడికి ఇచ్చారు. సున్నం వేసేలోగా పెద్ద హాలులోని చిత్రానికి నకలు తీయాలని ఉత్తర్వు. నా బస బోధన్‌లో. ఫ్యాక్టరీకి పోయే చెరకు బండ్లను తప్పించుకుంటూ బస్సు రోజూ నన్ను ఆ ఊళ్లో దించేది.

చిత్రం గోడ పొడుగునా ఉంది. పైన జెండాలు, బాకాలు. నడుమ ఏనుగు అంబారీలో దొర. కింద, మెడలకు తాళ్లు వేసిన బందీల వరుస. ఏదో పాత యుద్ధపు విజయయాత్ర అనుకున్నాను. రంగుల ముద్రణల్లో అలాంటివి చాలా చూశాను. గెలిచినవాణ్ణి కొండంత, ఓడినవాళ్లను మోకాలెత్తు వేయడం ఆ బొమ్మల పద్ధతి. ఓడినవాళ్లందరికీ సాధారణంగా ఒకటే ముఖం ఉంటుంది. ఇక్కడ అలా లేదు. ఒకడికి మశూచి మచ్చలు, ఇంకొకడికి తెగిన చెవి. చిత్రకారుడు ఎదురుగా నిలబెట్టి వేసిన ముఖాలవి.

నిచ్చెన పట్టడానికి, నీళ్లు తేవడానికి గంగారాం అనే కూలీ వచ్చేవాడు. నలభై ఏళ్ల మనిషి. చెప్పులు గుమ్మం బయటే విడిచి, గోడ వారగా, తల వంచుకుని నడిచేవాడు. పైకి చూసి నిచ్చెన సరిగా పట్టమంటే, "పట్టుకుంట గని, సూడనమ్మా" అనేవాడు. పూర్వం ఊరివాళ్లను ఆ బొమ్మ కిందే నిలబెట్టి శిక్షలు వేసేవారట.

అతని భయం మొదట వింతగా తోచింది. తర్వాత నాకూ అంటుకుంది. కారణం ముక్తార్, అంటే దొర ఆస్తులు చూసుకునే మనిషి. భుజాన తుపాకీతో వచ్చి, నా వెనక కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. అతనికి వీపు పెట్టి నిచ్చెన మీద నిలబడి, ఒక్కో గీతకూ ఒకసారి వెనక్కి తిరిగి చూసేదాన్ని. ఒకనాడు ఇలా అన్నాడు.

"ఏనుగును దించుకోండ్రి, దొరను దించుకోండ్రి. గా తాళ్లోళ్లను వదిలెయ్యిండ్రి. జమానా మారింది, బద్నాం ఎందుకు?"

ఉన్నదంతా దించాలని ఉత్తర్వు అన్నాను.

"ఉత్తర్వు హైదరాబాదుల ఉన్నదమ్మా. మీరు గీడ ఉన్నరు."

ఆ సాయంత్రం బస్సు వచ్చేదాకా రోడ్డు మీద నా నీడను చూసి కూడా ఉలిక్కిపడ్డాను.

మర్నాడు హాలు తలుపు తీసి ఉంది. లోపల పచ్చి సున్నం వాసన. కింది వరుస మొత్తం తెల్లగా అయిపోయి, సున్నం నేలకు కారుతోంది. ముక్తార్ పనే అనుకున్నాను. కానీ గోడ దగ్గర కుంచె పట్టుకుని నిలబడ్డది గంగారాం. పక్కన అతని తల్లి లస్మవ్వ.

నకలు పైనుంచి కిందికి తీయడం శాఖ పద్ధతి, చెయ్యి రాసుకుని గీతలు చెదరకుండా. నేను ఏనుగు మోకాళ్ల దాకానే వచ్చాను. బందీల్లో ఒక్కరి గీతా నా కాగితం మీద లేదు. సున్నం ఆరి గట్టిపడితే, దాన్ని గీకినప్పుడు రంగు కూడా లేచిపోతుంది.

"ఎందుకు చేశావు?" అన్నాను.

"గా చెవు తెగినోడు మా తాత. ఎండకాలం పోతె నా బిడ్డ గీ బడికే వస్తది. తాత మెడల తాడు సూసుకుంట అక్షరాలు దిద్దుతదా అమ్మా?"

"ఏ యుద్ధంలో పట్టుబడ్డాడు?"

జవాబు లస్మవ్వ చెప్పింది. "యుద్ధం లేదు, గిద్ధం లేదు బిడ్డా. వెట్టికి రాము అన్నోళ్లను కట్టి ఊరంత తిప్పిండ్రు. ఏనుగు గూడ లేదు. దొర ఎడ్లబండి మీద వచ్చిండు."

సున్నం ఇప్పుడే తీయకపోతే ఏనుగు మీది దొర మాత్రమే మిగులుతాడని, వెట్టికి రాము అన్నవాళ్లు ఉన్నారన్న గుర్తే ఉండదని చెప్పాను. నకలు పూర్తయ్యాక గోడకంతా ఎలాగూ సున్నం పడుతుంది, పిల్లలు చూడరు. గంగారాం తల అడ్డంగా ఊపాడు. లస్మవ్వ మాత్రం చీర కొంగు నీళ్లలో ముంచింది.

"తుడువు కొడుకా. గాళ్లు సేసింది లోకం సూడనీ."

రుద్దవద్దు, అద్దమని చూపించాను. ముగ్గురం గోడ ముందు కూర్చున్నాం. మశూచి మచ్చలు బయటపడ్డాయి, తర్వాత తెగిన చెవి. అంతలో గుమ్మంలో బూట్ల చప్పుడు ఆగింది.

"ఎవడు ముట్టిండ్రా గోడను?"

శాఖ పని జరుగుతోందని, తడి ఆరేదాకా లోపలికి ఎవరూ రాకూడదని అన్నాను. ముక్తార్ నా వైపు చూడనేలేదు. తుపాకీ చేతిలోకి తీసుకున్నాడు.

"నువ్వేనారా, గంగారాం?"

గంగారాం లేచాడు. ఆ హాలులో అతను తలెత్తగా నేను చూడటం అదే మొదలు.

"నేనే. సున్నం పూసింది నేనే, తుడుస్తున్నది నేనే."

లస్మవ్వ లేవలేదు, వెనక్కి తిరగలేదు. తన పాటికి తాను అద్దుతూనే ఉంది. అప్పుడే బడి బల్లలు దించడానికి వచ్చిన నలుగురైదుగురు గుమ్మంలో గుమికూడారు. ముక్తార్ వాళ్లను చూశాడు, మమ్మల్ని చూశాడు. "సాయంత్రం మాట్లాడుత" అని వెళ్లిపోయాడు.

సాయంత్రం దాకా గంగారాం ఆగలేదు. ఆ మధ్యాహ్నమే తల్లిని, భార్యాబిడ్డలను చెరకు బండి ఎక్కించి బోధన్ చేరాడు, ఫ్యాక్టరీలో కూలి పని చూసుకున్నాడు. బిడ్డ అక్కడే బడికి పోయింది. మిగిలిన పని నేను తలుపు గడియ పెట్టుకుని పూర్తి చేశాను. బయట ఏ అడుగు వినపడినా చెయ్యి ఆగేది. నెలలోపే గోడంతా తెల్లగా అయింది.

శాఖలో ఆ చిత్రాన్ని 'దొర విజయయాత్ర' అనే పేరుతో నమోదు చేశారు. రిమార్కుల గడిలో నేను రాసింది ఇది: యుద్ధానికి ఆధారం లేదు. బందీలు వెట్టికి నిరాకరించిన స్థానిక రైతులని వారి వంశస్థుల వాంగ్మూలం. పై అధికారి చదివి సంతకం చేశారు.

ఆ తర్వాత ఉద్యోగం విడిచేదాకా చాలా విజయ చిత్రాలకు నకళ్లు తీశాను. గెలిచినవాణ్ణి కాపాడటానికి ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. చెరిగిపోయే ప్రమాదం ఓడినవాళ్లకే. అందుకని పద్ధతికి విరుద్ధమైనా, గీతలు చెదిరినా, ప్రతి నకలూ కింది వరుస నుంచే మొదలుపెట్టాను.