ఉడుముగారూ, ఇటు దయచేయండి

మా బాబాయికి ఒకటే జబ్బు: మనుషుల్ని "నువ్వు" అంటాడు, జంతువుల్ని "మీరు" అంటాడు.

బాబాయి పళ్ళ డాక్టరు. సముద్రానికి కూతవేటు దూరంలో కాలనీ. ఇంటి ముందుగదే ఆసుపత్రి. బ్యాంకు మేనేజరంతటివాడు కుర్చీలో కూర్చున్నా, "నోరు తెరువయ్యా! ఇంకా! దాచుకుని ఏం చేస్తావు?" అని గదమాయిస్తాడు. అదే సమయానికి ఒక పీత గుమ్మంలోంచి అడ్డంగా నడిచొస్తే చాలు, చేతిలో పరికరం పక్కన పెట్టి లేచి నిలబడతాడు.

"రండి పీతగారూ! దారి తప్పినట్టున్నారు. సముద్రం అటండీ."

పీతగారిని చేటలో ఎక్కించుకుని ఇసుక దాకా దిగబెట్టి వచ్చేసరికి, మేనేజరు నోరు తెరుచుకునే ఉంటాడు.

"ఇంకా మూయలేదా? బుద్ధిమంతుడివి."

పోయిన వానాకాలం పక్కింట్లో కొత్త దంపతులు దిగారు. సామాన్లయినా సర్దుకోకముందే ఒక ఉదయం ఆ ఇంట్లోంచి కెవ్వుమని కేక. పరిగెత్తాం. ఆ అమ్మాయి వంటింటి గట్టెక్కి వణికిపోతోంది. కింద గ్యాస్ సిలిండరు పక్కన బారెడు ఉడుము నాలిక ఆడిస్తోంది. భర్త కర్ర ఎత్తాడు.

"దించు!" బాబాయి ఉరిమాడు. "ఇంటికొచ్చినవాళ్ళని పలకరించే తీరు ఇదేనా?"

"కరుస్తుందండీ!"

"కర్ర ఎత్తితే ఎవరైనా కరుస్తారు. నేనైనా కరుస్తాను."

పెరటి తలుపు బార్లా తెరిచి, గుడ్డొకటి పగలగొట్టి మెట్టు మీద పెట్టి, పక్కకి జరిగి చేతులు కట్టుకున్నాడు.

"ఉడుముగారూ, వంటిల్లు ఇరుకు. ఫలహారం బయట ఏర్పాటు చేశాం. ఇటు దయచేయండి."

ఉడుముగారు కాసేపు ఆలోచించి, తాపీగా దయచేశారు. గుడ్డంతా నాకి, మూతైనా తుడుచుకోకుండా పొదల్లోకి వెళ్ళిపోయారు.

గట్టు మీద అమ్మాయి మొదట వెక్కింది. ఆ వెక్కిళ్ళే నవ్వయ్యాయి.

"ఇల్లు ఖాళీ చేసేద్దామనుకున్నానండీ," అంది కిందికి దిగుతూ.

"ఉండు తల్లీ. వాళ్ళు మనకంటే ముందొచ్చినవాళ్ళు. కాస్త మర్యాదిస్తే చాలు."

ఇంటికొచ్చాక పిన్నితో అన్నాను: "బాబాయి పిచ్చి ఇవాళ పనికొచ్చింది పిన్నీ!"

పిన్ని కూర తరుగుతూ నవ్వింది. "పిచ్చి కాదురా. పెళ్ళయి ఇక్కడికొచ్చిన కొత్తలో, పీత కనిపిస్తే నేను మంచం దిగేదాన్ని కాదు. ఒకటే ఏడుపు. ఒకరోజు ఈయన పీతకి కుర్చీ వేసి, 'మా ఆవిడకి కాస్త మొహమాటం, ఏమీ అనుకోకండి పీతగారూ' అన్నారు. నవ్వాపుకోలేకపోయాను. నవ్వొచ్చాక ఇంక భయమెక్కడిది? నా కోసం మొదలెట్టారు, ఈరోజుకీ మానలేదు."

"మరి నీకు 'గారు' లేదేం?"

"నేను కరవనని ధీమా," అంది పిన్ని, కత్తి ఆడిస్తూ.