నర్సమ్మ అడిగిన మాట

పురిట్లోనే బిడ్డ పోయిన నెలకి, చోడవరం బస్టాండులో ఒక్కదాన్నే కూర్చున్నాను. డెబ్బైల నాటి మాట. రెండు బస్సులు వచ్చి వెళ్లినా నేను లేవకపోవడం చూసి, పక్కన ఆస్పత్రి తెల్లచీరలో ఉన్న ముసలి నర్సమ్మ మెల్లగా అడిగింది.

"సచ్చిపోవాలనుందా తల్లీ?"

అంతవరకు అందరూ "మళ్లీ పుడతార్లే" అన్నవాళ్లే. నేను తలూపేను.

"ఈరోజేనా?"

"తెలీదండి" అని ఏడ్చేను.

ఆవిడ కంగారుపడలేదు. ఏడవనిచ్చింది. "నీ మాట ఇనేవాళ్లు ఎవరున్నారు?"

"బుచ్చయ్యపేటలో అక్క."

తన మాడుగుల బస్సు వదిలేసి, నాతో అక్క ఇంటికి వచ్చింది. "ఈ గుంటని కొన్నాళ్లు ఒంటరిగా ఒగ్గేయకమ్మా" అని అక్కకి చెప్పి వెళ్లింది. అక్క నన్ను మూడు నెలలు కళ్లెదుటే ఉంచుకుంది.

ఆ నర్సమ్మ అసలు పేరు నాకు తెలీదు. ఎవరైనా మరీ మౌనంగా కనిపిస్తే, ఆ మాట నేనూ అడుగుతాను. ఇంతవరకు ఎవరూ కోప్పడలేదు.