కిలో లెక్కన కొన్న సాక్ష్యాలు

సహోదరులారా, సహోదరీలారా, నా జీవితంలో నేను చెప్పిన మొదటి సాక్ష్యం అబద్ధం. అప్పుడు నాకు పదకొండేళ్లు. ఇది రెండవది. దీన్ని కూడా మీరు వెంటనే నమ్మేయనక్కర్లేదు, నిదానంగా చదివి, అనుమానం వచ్చిన చోట ఆగి మళ్లీ చదవండి, నాకేమీ కోపం రాదు. నేను ఆరో తరగతి సగంలో బడి మానేసినవాడిని, తప్పులుంటే పత్రిక సంపాదకులు దిద్దుతారు. దిద్దుతూ దిద్దుతూ అసలు సంగతిని కూడా దిద్దేస్తారేమోనని నాకు చిన్న అనుమానం ఉంది గాని, మీరు దీన్ని చదువుతున్నారంటే అంత పని చేయలేదన్నమాట.

నా పేరు యాకోబు. గజపతినగరంలో ట్రాలీ ఆటో మీద తిరిగి పాత ఇనుము, పాత పేపర్లు కొంటాను. మా వ్యాపారంలో అనుమానమే పెట్టుబడి. పేపర్ల కట్ట మధ్యలో తడి గోనె పెట్టి అమ్మేవాళ్లుంటారు, రేకు డబ్బాలో ఇసుక పోసి మూత బిగించేవాళ్లుంటారు, నా కాటా మీద నాకే నమ్మకం లేక రోజూ ఒకసారి నేనే ఎక్కి చూసుకుంటాను. కాని ఆ అనుమానం షెడ్డు దగ్గర ఆగకుండా నాతోపాటు ఇంటికి వచ్చేసింది, అదీ నా చీకటి కాలం. మా పండుగాడికి తొమ్మిదేళ్లు. వాడు సండే స్కూలుకు వెళితే తలుపు దగ్గర నేను నిలబడేవాడిని, ట్యూషన్‌కు వెళితే మాస్టారి ఇంటి ఎదురుగా ఆటో ఆపి అందులోనే కూర్చునేవాడిని, సొంత మేనమామ వాడిని రెండు రోజులు ఊరికి తీసుకెళ్తానంటే నానా మాటలూ అని పంపేశాను. నా భార్య ఎస్తేరు మా మేనమామ కూతురే, కాబట్టి నేను తగవుపడి పంపిన ఆవిడ తమ్ముడు నాకూ అయినవాడే. ఆ రోజు ఆవిడ నాతో ఒకటే మాట అంది. “బావా, నీకు పిల్లడి మీద పేమా, లోకం మీద పగా? ఏదో ఒకటి సెప్పు, నానూ దానికి తగ్గట్టు బతుకుతాను.” నేను ఏదో జోకు వేసి తప్పించుకున్నాను. నవ్వించేవాడిని ఎవరూ రెండో ప్రశ్న అడగరు, ఈ రహస్యం నాకు చిన్నప్పుడే తెలిసిపోయింది.

ఎలా తెలిసిందో చెబుతాను. మన ప్రాంతంలో మీలో చాలామంది ఎరిగిన ఒక యువజన సమాజం ఉండేది, పేరు రాయను. వేసవి సెలవుల్లో బొబ్బిలి వైపు వాళ్ల మామిడి తోటలో మగపిల్లలకు వారం రోజుల శిబిరం పెట్టేవారు. మా ఇంట్లో కోడిగుడ్డు నలుగురికి ఒకటి, అక్కడ ఒక్కొక్కడికీ ఒకటి, ఇంక పరలోకం ఎలా ఉంటుందో నాకు వేరే చెప్పనక్కర్లేదు అనుకున్నాను. శిబిరానికి పెద్ద ఒకాయన, మేమందరం ఆయన్ని పెద్దన్న అనేవాళ్లం. ఆయన కొందరు పిల్లల్ని ఎంచుకుని ‘ప్రత్యేక ప్రార్థన’ అని తన గదికి ఒక్కొక్కరినే పిలిచేవాడు. ఆ గదిలో ఏం జరిగిందో ఇక్కడ రాయను, ఈ పత్రిక పిల్లలు కూడా చదువుతారు. ఒక పెద్ద మనిషి ఒక పిల్లవాడికి ఏది చేయకూడదో అది చేశాడు. చేసి, అది నా పాపమని నాకే చెప్పాడు, ఏ మాటలతో ఒప్పుకోవాలో కూడా నేర్పాడు.

చివరి రోజు దీపాలు పెట్టే వేళకు ‘తీర్మానాల కూటం’ జరిగేది. ఒక్కొక్క పిల్లవాడు లేచి సాక్ష్యం చెప్పాలి, ఒక అన్న పెద్ద పుస్తకంలో రాసుకోవాలి, పిల్లవాడు కింద సంతకం పెట్టాలి. పేరు, ఊరు, చెప్పిన మాట, ఎవరు ఎక్కడ ప్రార్థన చేయగా మారుమనస్సు కలిగింది, అన్నిటికీ గళ్లు గీసి ఉండేవి. ఎంతమంది రక్షణ పొందారో విరాళాలిచ్చేవారికి చూపించాలి కదా మరి. నేనూ లేచి, “నేను చెడ్డ పని చేశాను, నా అపవిత్రతను ప్రభువు కడిగాడు” అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. జూన్‌లో బడి తెరిచారు, వారానికోసారి కడుపునొప్పి, తర్వాత రోజుకోసారి, తర్వాత బడే మానేశాను. బద్ధకస్తుడని మా నాన్న కొట్టాడు, నేను నవ్వించడం మొదలుపెట్టాను.

ఏళ్లు గడిచాయి. పెద్దన్న చనిపోయాడు. గొప్ప సమాధి కూటం జరిగింది, నేనూ వెళ్లాను, ఎందుకు వెళ్లానంటే నిజంగా చచ్చాడో లేదో చూడడానికి అనుకుంటాను. తర్వాత కొంతకాలానికి, ఒకప్పుడు ఆ శిబిరాలకు వెళ్లిన ఆరుగురు మగవాళ్లు, మాకు ఇలా జరిగిందని సమాజం మీద కేసు వేశారు. సమాజం వెంటనే మా దగ్గర చిల్లిగవ్వ లేదు, దివాలా తీశామని కోర్టుకు చెప్పుకుంది. ఉన్నదేదో లెక్క చూసి పంచడానికి, ఎవరి మాట నిలబడుతుందో తేల్చడానికి విజయనగరంలో ఒక అధికారిని పెట్టారు, ఇంకా ఎవరైనా ఉంటే ఫలానా తేదీలోగా వచ్చి చెప్పుకోవాలని పేపర్లో వేశారు. సమాజం వారి జవాబు ఒకటే, పెద్దన్న ఏనాడూ ఏ పిల్లవాడితోనూ ఒంటరిగా లేడు, దానికి రుజువు లేదు, వీళ్లంతా డబ్బు కోసం పుట్టుకొచ్చారు.

ఆ ఆరుగురిలో ఒకడు ఆనందరావు. మా ఊళ్లోనే దర్జీ. శిబిరంలో నా పక్క చాప అతనిదే. ఇక్కడ నేను నా అసలు పాపం ఒప్పుకోవాలి సహోదరులారా, పదకొండేళ్ల వయసుది కాదు, నలభై దాటాక చేసింది. టీ కొట్టు దగ్గర ఈ కేసు మాట వచ్చింది. నేను ఊరుకోవచ్చు కదా, నోరు ఊరుకోదు. “ఆనందరావు జాకెట్టు కొలత తప్పుతాడు గాని, నష్టపరిహారం కొలత మాత్రం ఇంచి తప్పలేదు రా” అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. బల్ల చివర ఆనందరావు కూర్చుని ఉన్నాడని నాకు తెలుసు. తెలిసే అన్నాను. అతను గ్లాసులో సగం టీ వదిలేసి వెళ్లిపోయాడు.

ఇది జరిగిన పది రోజులకు సమాజం కార్యదర్శి గారు నాకు ఫోను చేశారు. తోటలో పాత సామాన్లున్నాయి, నువ్వు మన సంఘం వాడివి కదా, రేపే తీసుకుపో అన్నారు. వెళ్లాను. మొదట గేటు చూసి నాకు అనుమానం వచ్చింది, దివాలా తీసినవాళ్ల గేటుకు కొత్త రంగు ఎందుకు? పైగా పాత పేరు చెరిపేసి ఏదో కొత్త ట్రస్టు పేరు రాశారు. రెండో అనుమానం, కోర్టు అధికారి వచ్చి జాబితా రాసుకోకముందే సామాన్లు ఖాళీ చేయడానికి ఇంత తొందర ఏమిటి? విరిగిన మంచాలు, ట్రంకు పెట్టెలు, వాటి వెనక గుట్టగా తీర్మానాల పుస్తకాలు. కాల్చేస్తే ఒక పూటలో బూడిదయ్యేవి. కాని పాత కాగితాన్ని ఊరికే పోనిచ్చే అలవాటు మన సంఘాల్లో ఎక్కడుంది? చిరిగిన పాటల పుస్తకాలు కూడా తూకానికి వేసి దీపాల నూనెకు జమ చేసే మనుషులం మనం. కార్యదర్శి గారు కిలోకు రూపాయి ఎక్కువ ఇమ్మని అరగంట బేరమాడి, ‘శిబిరం పుస్తకాలు’ అని చీటీ రాసి, అలవాటు ప్రకారం సంతకం కూడా పెట్టి ఇచ్చారు.

మా వ్యాపారంలో అట్టకు ఒక ధర, కాగితానికి ఒక ధర, అందుకని మిల్లుకు పంపే ముందు అట్టలు చింపి వేరు చేయాలి. అలా చింపుతూ తెరిస్తే నా పేరు కనిపించింది. నా వంకర సంతకం. తర్వాతి పేజీలో ఆనందరావు. అతను చెప్పిన సాక్ష్యం చదివాను. “నేను చెడ్డ పని చేశాను, నా అపవిత్రతను ప్రభువు కడిగాడు.” నా మాటే, అక్షరం తేడా లేదు. ఆ రోజు నా వంతు భయంలో అతని మాట నా చెవిన పడనే లేదు. ఇంకో పుస్తకం తీశాను, ఇంకో ఏడాది, ఇంకో ఊరి పిల్లవాడు, అదే మాట. మొత్తం పదకొండు మంది. ఒకడు కోడిగుడ్డు దొంగతనం ఒప్పుకుంటాడు, ఒకడు అమ్మను తిట్టానంటాడు, పిల్లలు అలా మాట్లాడతారు గాని పదకొండు మంది ‘అపవిత్రత’ అంటారా? ఆ పదకొండు మందికీ చివరి గడిలో ఒకే చేతిరాత, ‘పెద్దన్న, తన గదిలో, ఏకాంతంగా.’ గొప్పగా రాసి పెట్టుకున్నారు, దేవుని పని కదా.

ఆనందరావు మాట నిలబడాలంటే కావలసినది నా షెడ్డులో గోనెల కింద ఉంది. కాని అది బయటికి తీస్తే నా పేజీ కూడా బయటికి వస్తుంది. గడువు ఇంకా నాలుగు రోజులు.

మర్నాడే కార్యదర్శి గారు బండి మీద షెడ్డుకు వచ్చారు. నేను ఇన్నేళ్లలో కొన్న సామాను గురించి మళ్లీ అడగడానికి వచ్చినవాడు ఒక్కడూ లేడు.

“ఒరే యాకోబూ, ఆ పుస్తకాలు మిల్లుకెల్లిపోనాయేట్రా?”

“అయ్యా, అవి ఈపాటికి అట్టపెట్టెలైపోయుంటాయండి. మీరేదైనా మిక్సీ కొంటే అందులోనే వచ్చినా వస్తాయి.”

ఆయన నవ్వారు గాని కళ్లు గోనెల మీద తిరుగుతున్నాయి. “మంచిది. మన ఇంటి సంగతి మన ఇంట్లోనే ఉండాల. బయటోలకి ఏటి తెలుస్తాది?”

“మరి ఇంట్లో ఎవలికి సెప్పుకోవాలండి?” అన్నాను. ఆయన బండి స్టార్ట్ చేశారు. నేను చెప్పిన అబద్ధానికి దేవుడు నన్ను క్షమించాలి, ఇంకా అడగలేదు.

ఆ మధ్యాహ్నం గోనెల మీద కూర్చుని ప్రార్థన చేశాను. “ప్రభువా, నీ పేరు చెప్పి నన్ను ఆ గదికి పిలిచారు, అందుకని నీ మీద కూడా నాకు అనుమానమే, ఆ రోజు నువ్వెక్కడున్నావో నాకు తెలియదు, నువ్వు వాళ్ల పక్షమైతే చెప్పేయి, ఈ పుస్తకాలు మిల్లుకు పంపేస్తాను, నా పక్షమైతే నాకొక నోరు ఇయ్యి, జోకులేసే నోరు కాదు, అది ఉంది, ఇంకొకటి.” ఉరుములేమీ రాలేదు, స్వరమేదీ వినిపించలేదు. ఎస్తేరు క్యారేజీ పట్టుకుని వచ్చింది.

“ఏటి బావా, పేపర్లు కొంతావు గాని సదవ్వు కదా. రెండు దినాల నుండి ఆ పుస్తకాలేటి సదువుతన్నావు?”

జోకు వేద్దామని నోరు తెరిచాను, జోకు రాలేదు. నా పేజీ తీసి ఆవిడ చేతిలో పెట్టి, చదువుతుండగానే మొత్తం చెప్పేశాను, నేలను చూస్తూ, ఆగకుండా, ఏ మాటా అందంగా లేకుండా. ఆవిడ పేజీ చివరి గడి వరకూ చదివింది. తర్వాత ఆ సంతకం మీద వేలు పెట్టి అంది, “పదకొండేల్ల పిల్లడు ఏటి తప్పు సేస్తాడు బావా? ఇది నీ పాపం ఎలాగవుతాది?”

సహోదరులారా, ఎన్ని కూటాలకు వెళ్లాను, ఎంతమంది ప్రసంగీకులను విన్నాను, నా విడుదల మాత్రం పప్పు క్యారేజీతో వచ్చిన మనిషి నోటి నుంచి ఆ ఒక్క ప్రశ్నగా వచ్చింది, దేవునికే మహిమ. నేను ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు, అన్నం కలిపి చేతిలో పెట్టి, “తిని, ఆనందరావు కాడికి ఎల్లు” అంది.

వెళ్లాను. అతను మిషను ఆపలేదు, తల ఎత్తలేదు. పుస్తకం అతని ముందు పెట్టాను. చదివాడు, కాలు ఆగిపోయింది. అప్పుడు నన్ను చూసిన చూపు ఉంది చూశారా, నేను లోకాన్ని చూసే చూపే అది.

“ఎవలు పంపినారు నిన్ను? కార్యదర్శా?”

“ఎవలూ పంపలేదు. దీని వెనక పేజీ సూడు.”

వెనక్కి తిప్పి నా పేరు చూశాడు. “నువ్వు కూడానా?” అన్నాడు. తర్వాత, “నువ్వు కూడానే ఉండి, ఆ రోజు ఆ మాట ఎలాగన్నావు రా?” అన్నాడు. క్షమించమన్నాను. “నానింకా సమించలేదు. రేపు విజీనారం బస్సు టికెట్టు మాత్రం నాను తీస్తాను” అన్నాడు.

మర్నాడు పుస్తకాల బస్తాతో విజయనగరం వెళ్లాం. అధికారి ఒక ఆవిడ. ఇవి మీకెలా వచ్చాయని అడిగారు. కార్యదర్శి గారు సంతకం పెట్టిన చీటీ తీసి, “దొంగిలించలేదమ్మా, కిలో లెక్కన కొన్నాను” అన్నాను. ఆవిడ ఒక్కొక్క పుస్తకం తెరిచి చివరి గడి వరకూ చదివారు. చదివి, “మీరు కూడా వాంగ్మూలం ఇస్తారా?” అన్నారు. పేరు చెప్పాను, నాన్న పేరు చెప్పాను, అప్పటి నా వయసు చెప్పాను. మిగతాది కూడా చెప్పాను. ఆనందరావు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు, నేను సిగ్గుపడకూడదనే కాబోలు.

ఆ తర్వాత పుస్తకాలకు సీలు వేశారు, దివాలా అన్న సమాజం తోట ఆ గేటు మీది కొత్త పేరుకు ఎప్పుడు ఎలా మారిందో విచారణ మొదలైంది, అధికారి కబురు పంపితే గడువులోగా ఆ పుస్తకాల్లో ఉన్న మరో ముగ్గురు వచ్చారు. పెద్దన్న ఏనాడూ ఒంటరిగా లేడన్న మాట సమాజం వారు ఇప్పుడు అనడం లేదు. డబ్బు ఇంకా రాలేదు, వస్తుందో లేదో తెలియదు, వస్తే తీసుకుంటాను, నాకు ఆశ లేదని చెప్పి ఇంకో అబద్ధపు సాక్ష్యం చెప్పను. ఆనందరావు కేసు పని మీద నాతో మాట్లాడతాడు, వేరే మాట్లాడడు, అది అతని హక్కు. సంఘంలో కొందరు నాకు వందనం చెప్పడం మానేశారు. పండుగాడికి మాత్రం వాడికి అర్థమయ్యేంత వరకు అంతా చెప్పాను, నీ ఒంటి మీద చెయ్యి వేసి ఎవరికీ చెప్పొద్దన్నవాడు దేవుని మనిషి కాడని, ఏం జరిగినా తప్పు నీది కాదని చెప్పాను. మొన్న వాడు మేనమామతో ఊరు వెళ్లాడు. రెండు రోజులు నాకు అన్నం సహించలేదు, అయినా పంపాను.

నన్ను ఇంతవరకు మోసిన దేవునికి స్తోత్రం చెల్లిస్తున్నాను. ఆ తోటకు చిన్నప్పుడు వెళ్లినవారు ఇది చదువుతుంటే, మొదట మీ ఇంట్లో ఒక్కరికి చెప్పండి, మాటలు అందంగా రానక్కర్లేదు. తల్లిదండ్రులారా, దేవుణ్ణి నమ్మండి. నేను ఆయన్ని ఎన్ని అనుమానాలతో, ఎంత మొరటుగా అడిగానో చూశారు కదా, ఆయన నా మీద కోపగించుకోలేదు. మీరు ప్రశ్న అడిగితే కోపగించుకునేది ఎవరో చూసుకోండి, వాళ్ల దగ్గరికి మీ పిల్లల్ని పంపకండి.