ఖాళీ ఇంట్లో గురక

మా బాబాయికి ఖాళీ ఇల్లు కనబడితే చాలు, నిద్ర ముంచుకొస్తుంది. మనుషులున్న ఇంట్లో చలాకీగానే తిరుగుతాడు. టు-లెట్ బోర్డున్న గుమ్మం దాటాడంటే మాత్రం భుజం మీది తువ్వాలు నేల మీద పరిచి, వెల్లకిలా పడుకుని గురక అందుకుంటాడు.

ఈ మహానుభావుణ్ణి వెంటేసుకుని నేను ఇల్లు వెతకాల్సి వచ్చింది. బజారు వీధి బేకరీలో నాది రాత్రి పని. తెల్లారాక రెండు బస్సులు మారి ఇల్లు చేరేసరికి పడుకునే పొద్దు కాస్తా కరిగిపోయేది. పొయ్యి ముందు తూలుతున్నానని యజమాని అప్పటికే గొణుగుతున్నాడు. బజారు దగ్గర ఇల్లు దొరక్కపోతే, ఇష్టపడి నేర్చుకున్న ఆ పని వదులుకోవడమే.

మొదటిది చెప్పుల కొట్టు పైన. ఇంటాయన కుళాయి తిప్పి చూపిస్తుండగా ముందుగదిలోంచి గురక. పెద్దాయనకు ఒంట్లో బాగాలేదా అని పాపం కంగారుపడ్డాడు. ఇల్లు నచ్చితే ఇలాగే పడుకుంటాడని సర్దిచెప్పాను. కాసేపటికి బాబాయి లేచి, నిద్ర సరిగా పట్టలేదు, వద్దన్నాడు.

రెండో ఇంటావిడ హడలిపోయి మొహాన నీళ్ళు చల్లింది. బాబాయి కళ్ళయినా తెరవకుండా, నీళ్ళకు కొదవ లేదన్నమాట అని గొణిగి అటు తిరిగి పడుకున్నాడు. ఆవిడ చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ ఇల్లూ వద్దన్నాడు.

మూడోది చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. గాలి, వెలుతురు, పక్క వీధిలోనే బేకరీ. బయానా ఇవ్వబోతుంటే బాబాయి తువ్వాలు దులుపుతూ వచ్చాడు.

"నిద్ర చెడింది తల్లీ, పద."

నాకు ఒళ్ళు మండింది. "ఉండబోయేది నేను బాబాయ్. నీ నిద్రకీ నా ఇంటికీ ఏంటి సంబంధం?"

తువ్వాలు భుజాన వేసుకుని మెట్లు దిగాడు. ఆయన మాట కాదనడం చిన్నప్పటి నుంచీ అలవాటు లేదు కాబట్టి, తిట్టుకుంటూ నేనూ దిగాను.

ఆఖరికి బట్టల కొట్ల వెనక సందులో, గోడలు పెచ్చులూడిన ఇల్లొకటి చూశాం. కిటికీ తెరిస్తే ఎదురుగా గోడౌను గోడ. అక్కడ బాబాయి ఎంతసేపు గురక పెట్టాడంటే, ఇంటాయన విసిగిపోయి తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. బాబాయి లేచి, ఇది తీసుకో అన్నాడు. ఏడవలేక తీసుకున్నాను.

సామాను సర్దడానికి వచ్చిన పిన్నితో, బాబాయి పగటి నిద్ర నా కొంప ముంచిందని మొరపెట్టుకున్నాను. పిన్ని దుప్పటి మడత పెడుతున్నదల్లా ఆగింది.

"ఆయనకి పగటి నిద్రేమిటే? జ్వరమొచ్చినా పగలు కన్ను మూయడు."

అప్పుడు వెలిగింది నాకు. చెప్పుల కొట్టు మైకు, రెండో ఇంటి పక్క పిండిమర, మూడో ఇంటి కింద షట్టర్ల మోత. పగలు పడుకోవాల్సిన నేను కుళాయిలూ కిటికీలూ చూసుకుంటుంటే, ఆయన నా బదులు పడుకుని అవన్నీ విన్నాడు.

సామాను మోసుకొస్తున్న బాబాయిని గుమ్మంలోనే ఆపాను. "మరి ఆ గురకెందుకు బాబాయ్?"

"గురక పెట్టకపోతే నువ్వు మాట్లాడుతూనే ఉంటావు. బజారు గోల ఎంతో, నీ గోల ఎంతో నాకెలా తెలియాలి? మధ్యమధ్య ఆపి వింటాగా."

నేనేదో అనబోయాను. రాత్రి పనికి వెళ్ళాలి కదా, పడుకో అని పిన్నిని కూడా బయటికి లాక్కెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. బజారు కిటకిటలాడే వేళ అది. మళ్ళీ పిన్ని వచ్చి కుదిపి లేపేదాకా నాకు ఒళ్ళు తెలియలేదు.